గురువారం సూది

మనిషి వెళ్ళేటప్పుడు రెండు పెట్టెలు, ఒక చేతిసంచి పట్టుకెళ్ళాడు. తిరిగి వచ్చింది చేతిసంచి ఒక్కటే. దర్జీ దాన్ని నా ముందు బల్ల మీద పెట్టి, జిప్పు ముట్టుకోకుండా చేతులు వెనక్కి లాక్కుంది.

"మీరే తీయండి బాబాయ్. నేను రెండుసార్లు తీశాను. ఇంక నా వల్ల కాదు."

నేను టోకు వ్యాపారం చేసిన రోజుల్లో ఆమె నా కొట్టుకి గుడ్డసంచులు కుట్టేది. కొట్టు మూసేసి, పోయినవి ఎలా పోయాయో వెతికిపెట్టే పనిలోకి దిగాక కూడా జనం నన్ను షావుకారనే పిలుస్తారు. ఇన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చినవాళ్ళకి సరుకు పోయేది, సొమ్ము పోయేది. ఈమెకు మొగుడు పోయాడు.

అతను బోరు మిషన్ల మెకానిక్. అడవులున్న దేశంలో నీళ్ళ బోర్లు వేసే కంపెనీతో వెళ్ళాడు. వెళ్ళిన నెలకే ఎల్లో ఫీవర్ వచ్చి అక్కడి ఆస్పత్రిలో పోయాడు. దోమ కుట్టి వచ్చే జ్వరం అది. ఇంజెక్షన్ వేయించుకున్నవాడి జోలికి రాకూడని జ్వరం. మట్టి కూడా అక్కడే చేశారు. ఇప్పుడు కంపెనీ ఒక మాట అంటోంది: ఈ మనిషి ఇంజెక్షన్ వేయించుకోలేదు, దొంగ కార్డు చూపించి విమానం ఎక్కాడు, పరిహారం ఇవ్వం. కార్డు మీద ముద్ర వేసిన నర్సు అతని సొంత అక్క. ఆమె మీద పోలీసు కేసు పెట్టడానికి కంపెనీ విచారణ మనిషి తిరుగుతున్నాడు.

"నాకు వాళ్ళ డబ్బు అక్కర్లేదు బాబాయ్," అంది దర్జీ. "నా కూతురు పెద్దదవుతుంది. నాన్న ఎలా పోయాడమ్మా అని అడుగుతుంది. సూదికి భయపడి, అబద్ధమాడి పోయాడని చెప్పాలా? ఆయన వేయించుకున్నారు. అది తేల్చండి చాలు."

సంచి తెరిచాను. పసుపురంగు టీకా కార్డు. ఒంటికి పూసుకునే దోమల మందు, మూత సీలు కూడా విప్పలేదు. కింద నాలుగు పొడుగు చేతుల చొక్కాలు. మణికట్టు దగ్గర బిగుతుగా పట్టీ వేసి ఆమే కుట్టింది. ఇస్త్రీ మడత ఇస్త్రీ మడతలాగే ఉంది. ఒక్కటీ తొడుక్కోలేదు.

"సూది వేయడం నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. భుజం చూశాను. రెండ్రోజులు పాపని ఆ చేత్తో ఎత్తుకోలేదు."

"జ్వరం వచ్చిందా?"

"లేదు. అదే ఆయన గొప్ప. 'మా జట్టులో సగంమంది ఇంజెక్షన్ దెబ్బకి ముసుగు తన్ని పడుకున్నారే, నాకు ఒళ్ళు వెచ్చబడను కూడా లేదు, నేను ఇనుము' అన్నారు." నవ్వు పెదవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏ రోజు వేయించుకున్నాడు?"

"గురువారం. బుధవారం సెలవివ్వలేదు. మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ వదిన దగ్గర ఆగి వేయించుకున్నారు."

ఆ గురువారాన్ని పక్కన పెట్టుకున్నాను.

"అక్కడ జ్వరం మొదలయ్యాక నీతో మాట్లాడాడా?"

"మాట్లాడారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని మొత్తుకున్నాను. 'ఇంజెక్షన్ వేయించుకున్నాగా, ఇది మామూలు జ్వరమే, పడుకుంటే పోతుంది' అన్నారు. అలా పడుకునే ఉన్నారు బాబాయ్. తోటివాళ్ళు మోసుకెళ్ళేసరికి కళ్ళు పచ్చబడిపోయాయిట."

గోడకి ఆనించిన మడత మంచం మీద దుప్పటి చక్కగా చుట్టి ఉంది. ఎవరిదని అడిగాను.

"మా తమ్ముడిది. ఆయన పోయాక వచ్చి నాకు తోడున్నాడు. మొన్న ఆదివారం వాడూ వెళ్ళాడు. అదే కంపెనీ, ఆయన ఖాళీలోకే. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. 'బావ సంగతిలో ఏదో తేడా జరిగిందక్కా, నేను దోమతెరతో సహా అన్నీ సర్దుకునే వెళ్తున్నా' అన్నాడు." ఆమె దుప్పటి అంచు సరిచేసింది. అది ఏమీ వంకరగా లేదు.

ఆస్పత్రికి నాతో తనూ వస్తానంది. పాపని పక్కింట్లో అప్పగించి బయలుదేరింది.

టీకాల గది ఆస్పత్రి వెనక వరండా చివర ఉంది. తలుపు పక్కన బోర్డు: 'విదేశాలకు వెళ్ళేవారికి. ఎల్లో ఫీవర్ టీకా బుధవారం మధ్యాహ్నం మాత్రమే. పదిమంది చేరిన తరువాతే.' దాని కింద పొడవాటి చెక్కబల్ల. ఆ రోజు గురువారం. బల్ల ఖాళీ. బోర్డు ముందు నిలబడి ఉన్నాడు కోటాయన.

మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆ పేరు. కంపెనీల తరఫున విచారణలు చేసి, ఇవ్వాల్సినవి ఇవ్వక్కర్లేదని తేల్చిపెట్టడం అతని వృత్తి. మేము ఇదివరకు రెండుసార్లు తలపడ్డాం. చెరొకటి గెలుచుకున్నాం.

"ఏం షావుకారూ, కొట్టు మూసినా తూకం మానలేదా?"

"మానలేదు. మీలా తప్పుడు రాళ్ళతో తూయడం మాత్రం ఇంకా రాలేదు."

"రాయి ఇదిగో, చూసుకోండి." పెన్నుతో బోర్డు మీద టకటకా కొట్టాడు. "బుధవారం మధ్యాహ్నం మాత్రమే. మీ మెకానిక్ ఆ బుధవారం ఎక్కడున్నాడు? షెడ్డులో. పొద్దున లోపలికెళ్ళినవాడు చీకటి పడ్డాక బయటికొచ్చాడని గేటు వాచ్‌మన్ చెప్పాడు. మరి సూది ఎలా దిగింది? గాల్లో ఎగిరొచ్చి గుచ్చుకుందా?"

"మర్నాడు పొద్దున వేయించుకున్నాడు."

"గురువారం ఇక్కడ ఆ సూది వెయ్యరు. ఏ గురువారమూ వెయ్యరు. అక్క ముద్ర కొట్టింది, తమ్ముడు జేబులో పెట్టుకున్నాడు. కందకు లేని దురద మీకెందుకు?"

బల్ల మీద కూర్చున్న దర్జీ లేచింది. "మా వదిన అలాంటి మనిషి కాదండీ."

"మీ వదిన ఎలాంటి మనిషో అక్కడి ఆస్పత్రి కాగితాలు తెచ్చి చెప్తానమ్మా. సాయంత్రమే నా విమానం."

"సాయంత్రమేనా?" అన్నాను. "దోమల దేశం. జాగ్రత్తలన్నీ తీసుకున్నారా మరి?"

కోటు జేబు తట్టాడు. "కార్డు పదిరోజులు పాతబడితేనే చెల్లుతుందని తెలుసు. రెండు వారాల ముందే వేయించుకున్నా."

"ఎక్కడ?"

బేరంలో అసలు ధర దాచేవాడు ఒక్క క్షణం పక్కకి చూస్తాడు. కోటాయన చూశాడు. తరువాత, దాచి లాభం లేదనుకున్నాడో, గొప్ప చెప్పుకోవాలనిపించిందో, గొంతు తగ్గించాడు.

"ఇక్కడే. దొంగ సరుకు పట్టాలంటే కొనేవాడిలా వెళ్ళాలి షావుకారూ, మీకు నేను చెప్పాలా? పొద్దున్నే వచ్చాను. ఈ బల్ల మీద పిట్ట కూడా లేదు. సూదంటే భయమమ్మా, ముద్ర వేసి ఇచ్చెయ్యి, నీకేం కావాలో నేను చూసుకుంటానన్నాను."

"ఇచ్చిందా?"

"గడుసుది. పసిగట్టేసింది."

"ఏమంది?"

"చొక్కా చెయ్యి పైకి మడవమంది," అన్నాడు, నేల చూస్తూ.

"ఏ వారం అది?"

కోటు గుండీ సర్దుకున్నాడు. చీకట్లో రాయి వేశాను. "గురువారం. కాదంటే మీ కార్డు తీసి చూపించండి. ఏ గురువారమూ వెయ్యరని ఇప్పుడే బోర్డు పగలగొట్టినంత పని చేసిన పెద్దమనిషికి గురువారమే సూది పడింది. ఎర వేసి చూశారు, చేప ముట్టలేదు. ఆ ముక్క మీ రిపోర్టులో ఉందా?"

కోటాయన మెడ ఎర్రబడింది. "అక్కడి కాగితాలు వచ్చాక అన్నీ కలిపి రాస్తాను," అని విసవిసా వరండా దిగి వెళ్ళిపోయాడు.

దర్జీ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "చూశారా బాబాయ్! వదిన ముద్ర అమ్ముకునే మనిషి కాదని వాడి నోటితోనే చెప్పించారు. ఆయన వేయించుకున్నారు. నేను చెప్పలా?"

ఆ క్షణంలో నేనూ గెలిచాననే అనుకున్నాను. కానీ కుదిరిన బేరాన్ని ఇంటికెళ్ళే లోపల మళ్ళీ ఒకసారి మనసులో తిప్పి చూసుకోవడం నా జబ్బు. తిప్పి చూశాను. బోర్డు మీద రెండో వాక్యం కనిపించింది. పదిమంది చేరిన తరువాతే. పిట్ట కూడా లేని బల్ల. ఒక్కడే కోటాయన.

దర్జీని అక్కడే కూర్చోమని చెప్పి లోపలికి వెళ్ళాను.

నర్సు నడివయసు మనిషి. తమ్ముడి ముక్కే, తమ్ముడి నుదురే. దర్జీ ఇంట్లో ఫొటోలో చూసిన మొహం కాస్త పెద్దదై, నిద్రలేక నలిగిపోయి నా ఎదురుగా నిలబడింది. బయటి మాటలు విన్నట్టుంది. కళ్ళలో సంతోషం లేదు. ముద్ర అమ్ముకోలేదని ఎదుటివాడి నోటితోనే తేలాక ఉండాల్సిన మొహం కాదది.

"పదిమంది ఎందుకమ్మా?" అన్నాను.

"ఒక సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది అన్నగారూ. పొడిగా వస్తుంది, నీళ్ళు కలిపి వెయ్యాలి. కలిపాక ఇంక ఆగదు. అందుకే అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టి తెరుస్తాం." రోజూ అప్పజెప్పే పాఠం. 'ఆగదు' దగ్గర మాత్రం గొంతు సన్నబడింది.

"మరి కోటాయన ఒక్కడి కోసం సీసా తెరిచారా?"

ఆమె చూపు ఫ్రిజ్ వైపు వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు నేనే తీశాను.

లోపల చల్లదనం చూపే మీటరు ఉండాల్సిన చోటే ఉంది. పై అరలో తెరవని మందు పెట్టెలు, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. అంత శుభ్రమైన ఫ్రిజ్ నేను ఏ మందుల షాపులోనూ చూడలేదు. కింది అరలో, చుట్టూ ఐసు ముక్కల సంచులు పేర్చి, మధ్యలో ఒక స్టీలు గ్లాసు. దాని మీద చిన్న మూత. మూత తీశాను. గ్లాసులో దూది పరిచి, దూది మీద ఒక సీసా. రబ్బరు బిరడా మీద సూదిపోట్లు. అడుగున కాస్త మందు, పొడి కాదు, నీళ్ళయిన మందు. నిన్న బుధవారం.

సరుకు పట్టుకుంటే అట్ట మీది చిన్న అక్షరాలు చదవకుండా నా చెయ్యి వదలదు. పై అరలోంచి ఒక పెట్టె తీసి వెలుతురులో పెట్టాను. కలిపిన ఆరు గంటల్లోపు వాడాలి, మిగిలినది పారవేయాలి అని ఉంది. అది ఫ్రిజ్‌లో పెట్టినా అంతేనని కూడా ఉంది. ఆమెకి వినబడేలా చదివాను.

"ఈ గ్లాసులోది ఎవరి కోసం?"

"ఓడ మీద వంటమనిషి. నిన్న రాలేకపోయాడు. ఇవాళ వస్తానన్నాడు." ఆమె స్టూలు మీద కూర్చుంది. "పేరు ఇచ్చినవాళ్ళలో ప్రతివారం ఒకరిద్దరు రారు. వచ్చినవాళ్ళ కోసం తెరవక తప్పదు, మందు మిగులుతుంది. ఈ మందుకి ఎప్పుడూ కొరతే. ఎంతోమంది కాళ్ళరిగేలా తిరుగుతారు. వారం ఆగమంటే ప్రయాణం పోతుంది, ప్రయాణం పోతే పని పోతుంది. అలాంటి మందుని తూములో పొయ్యమంటే చెయ్యి రాలేదు అన్నగారూ. ఫ్రిజ్‌లోనే కదా, ఒక్క రాత్రే కదా అనుకున్నాను. డాక్టరుగారు కార్డుల మీద సంతకాలు చేసి వెళ్ళిపోతారు. అడిగేవాళ్ళు లేరు. ఒక్కరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు."

"తెలుసమ్మా. మీ తమ్ముడికి?"

ఆమె గ్లాసు మూత చేతిలోకి తీసుకుంది.

"బుధవారం రాలేనక్కా, నా వాటా దాచు అన్నాడు ఫోనులో. చిన్నప్పుడూ అదే మాట. ఆటల్లో పడి అందరికంటే ఆఖర్న ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఏదొచ్చినా వాడి వాటా గిన్నెలో పెట్టి మూత వేసి దాచేదాన్ని." ఆమె చూపు స్టీలు గ్లాసు మీద పడింది. "దాచాను."

అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అంటారు. క్యూలో కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకి బతికున్న మందు పడింది. కడుపు చించుకు పుట్టినంత ప్రేమగా పెంచుకున్న తమ్ముడికి మిగిలింది పడింది. నా లెక్క ఎలా వేసినా ఒకటే తేలుతోంది. ఈమె దొంగ ముద్ర వేయలేదని రుజువు చెయ్యాలంటే, ఈమె చేతి సూదే తమ్ముణ్ణి కాపాడలేకపోయిందని రుజువు చెయ్యాలి. ఒకటి తీసుకుని ఇంకొకటి వదిలే వీలున్న సరుకు కాదు.

"అతను పోయాక కూడా ఇది ఎందుకు మానలేదమ్మా?"

"ఆ బుధవారం రాత్రి కరెంటు పోయింది. మందు వెచ్చబడి చచ్చిపోయిందనుకున్నాను. తప్పు చల్లదనంలో ఉందనుకున్నాను. అప్పట్నుంచి చుట్టూ ఐసు పెడుతున్నాను. మూత పెడుతున్నాను."

"అంటే తమ్ముడికి వేసింది పనిచెయ్యని మందని మీకు తెలుసు."

"వాడి కబురు వచ్చిన రోజే తెలుసు." ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. "దొంగ ముద్ర వేశానని వాళ్ళు అంటుంటే హమ్మయ్య అనిపించింది అన్నగారూ. చెయ్యని తప్పు కదా, ఎంత తిట్టినా ఒంటికి అంటదు. జైలుకి పంపినా మరదలి ముందు తలెత్తుకునే వెళ్తాను. ఇది తెలిస్తే దాని మొహం ఎలా చూడను?"

"చూడు వదినా."

దర్జీ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో నాకు తెలియదు. నర్సు స్టూలు మీంచి లేవబోయి లేవలేకపోయింది.

దర్జీ నావైపు తిరిగింది. "ఆయన సూది వేయించుకున్నారు. అది ఖాయమేనా బాబాయ్?"

"ఖాయమే అమ్మా."

"అబద్ధమాడలేదు."

"ఆడలేదు."

తల ఊపింది. కోరుకున్నది చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాసేపటికి, "ఆ కోటు మనిషి సాయంత్రం ఎక్కుతాడు కదా," అంది. "ఆయనకీ గ్లాసులోదేనా?"

నర్సు అవునని తల ఊపింది.

"చెప్పు మరి. ఆ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు."

కోటాయన నంబరు కలిపి, స్పీకరు పెట్టి ఫోను నర్సు చేతికిచ్చాను. తనను జైలుకి పంపాలని తిరుగుతున్న మనిషితో ఆమె తడబడకుండా మాట్లాడింది. "మీ కార్డు చెల్లదండీ. రాత్రంతా నిలవ ఉన్న మందు వేశాను. పనిచెయ్యదు. కొత్తగా వేయించుకుని పదిరోజులు ఆగండి. అప్పటిదాకా ఆ దేశం వెళ్ళకండి."

వెటకారం వస్తుందని ఎదురుచూశాను.

"ఎందుకు చెప్తున్నావమ్మా ఇది?" అన్నాడు కోటాయన. "నోరు మూసుకుంటే వెళ్ళిపోయేవాణ్ణిగా."

"ఒకణ్ణి అలా పంపాను. ఇంకొకర్ని పంపలేను."

"రాసిస్తావా?"

"రాసిస్తాను."

మామధ్య మూడోసారి పందెం అక్కడ ముగిసింది. గెలిచిందెవరో చెప్పడం నాకు చేతకాదు. అతను ఫోను పెట్టేశాడు.

దర్జీ మాత్రం కదల్లేదు. స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకుని అందులోకి చూస్తోంది.

"వదినా. కోటాయనకి వేసింది రెండు వారాల క్రితం గురువారం కదా?"

"అవును."

"ఆ రోజు సీసాలో ఒక్కటే మిగిలిందా?"

నర్సు నోరు తెరిచింది. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను. అప్పుడు గుర్తొచ్చాయి నాకు, గోడకి ఆనించిన మంచం, చక్కగా చుట్టిన దుప్పటి.

"రెండు," అంది నర్సు. "రెండోది... వాడు పాస్‌పోర్టు పని మీద తిరిగి బుధవారం రాలేకపోయాడు. మనవాడని ముందే తీసి పెట్టాను. ఐసు పెట్టానే అమ్మాయ్. ఈసారి చుట్టూ ఐసు పెట్టాను కదే..."

దర్జీ అప్పటికే నంబరు నొక్కుతోంది. వేళ్ళు జారి రెండుసార్లు తప్పింది. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. ముగ్గురం ఆ చిన్న ఫోను చుట్టూ నిలబడ్డాం.

చివరికి ఎత్తాడు. గొంతు నిద్రమత్తుగా, ఉల్లాసంగానే ఉంది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు చేశావు? పాప ఎలా ఉంది? నేనా? బాగానే ఉన్నా. నిన్నటినుంచి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందంతే. గదిలో పడుకున్నా. డాక్టరెందుకే, నీ కంగారూ నువ్వూనూ. ఇంజెక్షన్ వేయించుకున్నాగా."